నిద్రలో ఆగే ఊపిరి: దవడను ముందుకు జరిపే వైద్యం

నిద్రపోతున్న మనిషి గొంతు వెనుక భాగం మాటిమాటికీ మూసుకుపోయి, గాలి ఊపిరితిత్తులకు చేరకుండా ఆగిపోయే రుగ్మతను వైద్యులు అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ ఆప్నియా అంటారు. మెలకువగా ఉన్నంతసేపూ నాలుకను, కొండనాలుకను, మెత్తని అంగిలిని బిగువుగా పట్టి ఉంచే కండరాలు నిద్రలో సడలుతాయి. గొంతు సహజంగానే ఇరుకుగా ఉన్నవారిలో, మెడ చుట్టూ కొవ్వు చేరినవారిలో, కింది దవడ చిన్నదై వెనక్కి ఉన్నవారిలో ఈ సడలింపు వల్ల నాలుక వెనక్కి జారి, మోటారుకు తగిలించిన మెత్తని గొట్టం పీల్పు ఎక్కువైనప్పుడు లోపలికి అతుక్కుపోయినట్టు శ్వాసమార్గం అతుక్కుపోతుంది. దారి కొంత మూసుకుంటే వచ్చే శబ్దం గురక; పూర్తిగా మూసుకుంటే ఆ శబ్దం కూడా ఉండదు. గురక హఠాత్తుగా ఆగి, కొన్ని క్షణాల తరువాత ఉలిక్కిపాటుతో, పెద్ద శ్వాసతో మళ్ళీ మొదలయ్యేవారి విషయంలో ఇంటివారు గమనించవలసింది నడుమ వచ్చే ఆ నిశ్శబ్దాన్నే.

ఊపిరి కనీసం 10 సెకన్లపాటు ఆగితే దాన్ని ఒక ఘటనగా లెక్కిస్తారు; శ్వాస పూర్తిగా ఆగకపోయినా బాగా తగ్గి, రక్తంలో ఆక్సిజన్ పడిపోయిన సందర్భాలనూ కలుపుతారు. గంటకు ఇటువంటివి 5 నుంచి 15 లోపు ఉంటే స్వల్ప స్థాయి అని, 15 నుంచి 30 లోపు ఉంటే మధ్యస్థమని, 30 దాటితే తీవ్రమని విభజిస్తారు. ప్రతిసారీ మెదడు ఒక క్షణం మేల్కొని గొంతును తెరిపిస్తుంది కాని, ఆ మెలకువ పొద్దున్నే రోగికి గుర్తుండదు. మిగిలేది తలనొప్పి, పగటి కునుకు, అదుపులోకి రాని రక్తపోటు, కాలక్రమాన గుండెజబ్బుకూ పక్షవాతానికీ పెరిగే అవకాశం. భారతదేశంలోని వయోజనుల్లో సుమారు 11 శాతం మందికి ఈ రుగ్మత ఉండవచ్చునని 2023లో వెలువడిన ఒక సమీక్ష అంచనా వేసింది. గిద్దలూరు నుంచి నల్లమల మలుపుల మీదుగా నంద్యాల వైపు రాత్రిపూట లారీ నడిపే మనిషికి ఈ కునుకు ప్రాణాంతకమైనది, అతనికే కాక ఎదురుగా వచ్చేవారికి కూడా.

మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలున్న పశ్చిమ ప్రకాశంలో ఈ రుగ్మతను మరొక జబ్బుగా పొరబడే ప్రమాదం ఉంది. మార్కాపురం పలకల గనుల్లోనూ కోత యంత్రాల దగ్గరా ఏళ్ళ తరబడి రాతి దుమ్ము పీల్చినవారికి వచ్చే సిలికోసిస్‌లో ఊపిరితిత్తులే గట్టిపడతాయి, పగలు పని చేస్తుంటే ఆయాసం వస్తుంది. స్లీప్ ఆప్నియాలో ఊపిరితిత్తులు బాగానే ఉండవచ్చు, అడ్డంకి గొంతులో, అదీ నిద్రలో మాత్రమే. ఒకే మనిషికి రెండూ ఉండవచ్చు కనుక పరీక్ష లేకుండా ఏదో ఒకటని తేల్చుకోవడం తగదు.

ఈ రుగ్మతకు అత్యంత బలమైన చికిత్స సీప్యాప్ యంత్రం. 1981లో ఆస్ట్రేలియా వైద్యుడు కోలిన్ సలివన్ ప్రపంచానికి తెలిపిన ఈ పద్ధతిలో, ముక్కుకు తొడిగిన మాస్కు ద్వారా ఒత్తిడితో గాలిని పంపి గొంతు మూసుకోకుండా చూస్తారు. అయితే రాత్రంతా మాస్కుతో పడుకోలేక, ప్రయాణాల్లో మోయలేక, కరెంటు పోయినప్పుడు ఏం చేయాలో తోచక యంత్రాన్ని అటక ఎక్కించేవారు ఎందరో. దంతవైద్యుల పాత్ర ఇక్కడే మొదలవుతుంది.

కింది దవడను ముందుకు తెస్తే నాలుక కూడా ముందుకు వచ్చి ఊపిరికి దారి ఏర్పడుతుందన్న ఊహ కొత్తది కాదు. చిన్న దవడతో పుట్టి శ్వాసకు ఇబ్బందిపడే పిల్లల కోసం ఫ్రెంచి వైద్యుడు పియర్ రోబిన్ 20వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లోనే దంతాలపై అమర్చే పరికరాన్ని వాడాడు. నేటి పరికరంలో పై పళ్ళకు ఒకటి, కింది పళ్ళకు ఒకటి చొప్పున రోగి పలువరుస అచ్చు తీసి తయారుచేసిన రెండు తొడుగులు ఉంటాయి. వాటిని కలిపే మరలు లేదా పట్టీలు కింది దవడను ముందుకు నిలిపి ఉంచుతాయి. మనిషి తన దవడను ఎంతవరకు ముందుకు చాచగలడో కొలిచి, అందులో సగమో, సగానికి కొంచెం ఎక్కువో దగ్గర మొదలుపెట్టి, వారాల వ్యవధిలో మిల్లీమీటరులో భాగాల చొప్పున జరుపుకుంటూ పోతారు. ఈ ఓపికలోనే చికిత్స ఫలితం ఉంది. ఒక్కసారిగా జరిపితే దవడ కీలు నొప్పిపెట్టి రోగి పరికరాన్ని వదిలేస్తాడు.

ఊపిరి ఆగే ఘటనల సంఖ్యను తగ్గించడంలో సీప్యాప్‌దే పైచేయి. అయినా రోగులు దంత పరికరాన్ని రాత్రికి ఎక్కువ గంటలు పెట్టుకుంటారు కనుక, ఆస్ట్రేలియాలో జరిగి 2013లో వెలువడిన ఒక పరిశోధనలో నెల రోజుల వాడకం తరువాత రక్తపోటు, పగటి మగత విషయాల్లో రెండింటి ఫలితాలూ దాదాపు సమానంగా తేలాయి. సీప్యాప్‌ను భరించలేనివారికి, లేదా మరొక మార్గం కోరేవారికి ఈ పరికరాన్ని సూచించాలని 2015 నాటి అమెరికా మార్గదర్శకాలు చెబుతున్నాయి. స్వల్ప, మధ్యస్థ స్థాయిలకు ఇది ఎక్కువగా నప్పుతుంది. మొదట్లో లాలాజలం ఊరడం, ఉదయం పళ్ళు సరిగా కలవనట్టు అనిపించడం మామూలే. ఏళ్ళపాటు వాడితే పలువరుస కొద్దిగా కదలవచ్చు.

పరికరానికి ఆధారం పళ్ళే గనుక పశ్చిమ ప్రకాశం వారి పళ్ళ స్థితిని విడిగా పరిశీలించాలి. నీటిలోని ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఫ్లోరోసిస్‌ను అప్పటి నెల్లూరు జిల్లాలో గుర్తించినట్టు 1937లోనే వైద్య పత్రికలో వ్యాసం వచ్చింది. నాడు ఆ జిల్లాలో ఉన్న పొదిలి, దర్శి, కనిగిరి తాలూకాలు 1970లో, తరువాత ప్రకాశం అన్న పేరు పొందిన కొత్త జిల్లాలో చేరి, కర్నూలు నుంచి వచ్చిన మార్కాపురం, గిద్దలూరులకు ఇరుగుపొరుగులయ్యాయి. పళ్ళ మీది గోధుమరంగు మరకలు పరికరానికి అడ్డు కావు. ఎనామెల్ అనే పై పొర గుంటలుపడి పెచ్చులూడేంతగా పాడైతే మాత్రం అచ్చు తీయడానికి ముందే ఆ పళ్ళను బాగుచేయించుకోవాలి. చిగుళ్ళ వ్యాధితో పళ్ళు కదులుతున్నవారికి, ఒక్కో దవడకు ఎనిమిది పది గట్టి పళ్ళైనా లేనివారికి ఇది సాధారణంగా పనికిరాదు. గుట్కా అలవాటు వల్ల బుగ్గల లోపలి పొర గట్టిపడి నోరు రెండు వేళ్ళైనా పట్టనంతగా బిగిసినవారి కష్టం ఇంకా పెద్దది. వారి నోటి అచ్చు తీయడమే సాధ్యం కాకపోవచ్చు, పైగా ఆ స్థితి క్యాన్సరుకు దారితీయగలదు కనుక ముందు దానికే చికిత్స పొందాలి.

వేడినీటిలో మెత్తబరిచి కొరికి వాడుకొనే చవక తొడుగులు ఇంటర్నెట్లో దొరుకుతున్నాయి. వాటికి పట్టు తక్కువ, కొలత ఉండదు, అసలు జబ్బు ఎంత ఉందో చూసేవారే ఉండరు. ఆ డబ్బును నిద్ర పరీక్షకు పెట్టడం మేలు. రాత్రంతా శ్వాసను, ఆక్సిజన్‌ను నమోదుచేసే ఈ పరీక్షను ఇంటి వద్ద చేసుకొనే చిన్న సాధనాలు కూడా ఇప్పుడు ఉన్నాయి. ముందు వైద్యుడి నిర్ధారణ, తరువాత దంతవైద్యుడి అచ్చు అన్న క్రమాన్ని తప్పరాదు. ప్రభుత్వ దంతవైద్య కళాశాలలు కడపలో, విజయవాడలో ఉన్నాయి కనుక పళ్ళు, చిగుళ్ళ స్థితిపై సలహా కోసం పశ్చిమ ప్రకాశం వారు అక్కడికి వెళ్ళవచ్చు. పరికరం సర్దుకున్నాక దాన్ని నోట పెట్టుకొనే నిద్ర పరీక్ష మరొకసారి చేయించుకోవాలి. గురక వినిపించడం మానినంత మాత్రాన ఊపిరి ఆగడం మానిందని చెప్పలేము.