నడుమునొప్పి: అరిగిన డిస్కుతో సేద్యము సాగించుట ఎట్లు?

నాట్లు ముగిసిన సాయంత్రము ఊరిలో ఏ అరుగు మీద చూచినను ఒకటే మాట వినబడును: "నడుము పట్టేసినది." పొలము పని చేయువారికి నడుమునొప్పి కొత్త కాదు. నాలుగు రోజులు కాపడము పెట్టుకొని మరల పనికి పోవుట మనకు అలవాటే. కాని ఆ నొప్పి మూడు నెలలు దాటి నిలిచినచో దానిని దీర్ఘకాలపు నొప్పిగా ఎంచి, తగిన శ్రద్ధ తీసికొనవలెను.

ఇట్టి స్థితిలో రైతు పట్టణమునకు పోయి స్కాను తీయించును. కాగితములో "నడుములోని నాలుగవ, ఐదవ పూసల మధ్య డిస్కు అరిగినది, ఉబ్బినది" అని వ్రాసియుండును. "ఇక వంగరాదు, బరువెత్తరాదు" అని ఒకరు, "ఆపరేషను తప్పదు" అని మరియొకరు చెప్పుదురు. ఆ మాటలు విని కొందరు పాడిగేదెను సంతకు తోలుదురు. కొందరు పొలమును కౌలుకిచ్చి మంచము పట్టుదురు. ఆ కాగితములోని మాటకు అర్థమేమి? ఏ వైద్యము ఎవరికి, ఎప్పుడు కావలెను? ఇవి ముందే తెలిసినచో ఇట్టి నష్టము చాలవరకు తప్పును.

డిస్కు అనగానేమి?

మన వెన్నులో కదలాడు పూసలు మెడలో 7, వీపులో 12, నడుములో 5 గలవు. పూసకును పూసకును మధ్యనుండు మెత్తని బిళ్లయే డిస్కు. ఇట్టివి మొత్తము 23. తాటిముంజె చుట్టును పీచు బిగించి చుట్టినట్లు, డిస్కు వెలుపల గట్టి నారపొరలు, లోపల జిగురువంటి గుజ్జు ఉండును. "గుజ్జు అరిగినది" అని వాడుకలో అనునది దీనిని గురించియే.

పెద్దవారిలో ఈ గుజ్జులోనికి రక్తనాళములు నేరుగా పోవు. పక్క పూసలలోని రక్తమునుండి పోషణ మెల్లగా ఊరి లోనికి చేరును. పగలు బరువు పడినపుడు డిస్కులోని నీరు కొంత బయటకు పోవును. రాత్రి పండుకొన్నపుడు మరల లోనికి చేరును. అందుచేతనే ఉదయమున మనిషి సాయంత్రముకన్న కొద్దిగా పొడవుగా ఉండును. వయసు పెరిగినకొలది గుజ్జులో నీరు తగ్గి, డిస్కు పలుచబడును. తల నెరయుట వంటిదే ఈ మార్పు. అధిక భారము, బీడీ చుట్టల అలవాటు, తల్లిదండ్రులనుండి వచ్చిన శరీరతత్వము దీనిని త్వరపరచును.

స్కాను కాగితము తీర్పు కాదు

ఏ నొప్పియు లేని 3,110 మంది స్కానులను గూర్చిన పరిశీలనలన్నిటిని కలిపి 2015లో వైద్యులు ఒక లెక్క ప్రకటించిరి. దాని ప్రకారము 20 ఏండ్ల వారిలో నూటికి 37 మందికి, 50 ఏండ్ల వారిలో 80 మందికి, 80 ఏండ్ల వారిలో 96 మందికి డిస్కులు అరిగియున్నవి. వీరెవరికిని నడుమునొప్పి లేదు. కనుక స్కానులో అరుగుదల కనిపించినంత మాత్రమున నొప్పికి అదియే కారణమని గాని, నడుము పనికిరాకుండ పోయినదని గాని అనుకొనరాదు.

నొప్పి డిస్కు వెలుపలి పొరనుండి రావచ్చును. కండరములనుండి, పూసల కీళ్లనుండి కూడ రావచ్చును. గుజ్జు పక్కకు పొడుచుకొని వచ్చి నరమును ఒత్తినపుడు మాత్రము నొప్పి పిరుదునుండి మోకాలి దిగువకు, పాదమువరకు లాగును, తిమ్మిరి పట్టును. దీనిని సయాటికా అందురు. డిస్కు జారుటవలన ఇట్లగునని 1934లో అమెరికా వైద్యులు మిక్స్టర్, బార్ అనువారు వెల్లడించిరి. ఇట్టి కాలినొప్పి కూడ చాలమందిలో ఆపరేషను లేకుండనే కొన్ని వారములలో తగ్గుముఖము పట్టును.

ఆలస్యము చేయరాని లక్షణములు

ఈ క్రింది లక్షణములలో ఏది కనిపించినను ఇంటి వైద్యము మాని వెంటనే డాక్టరు వద్దకు పోవలెను.

1. మూత్రము బిగబట్టుట, లేక తెలియకుండ మూత్రము, మలము పోవుట. మలద్వారము, తొడల నడుమ మొద్దుబారుట. ఇది గంటలలో వైద్యము జరుగవలసిన అపాయము. 108కి ఫోను చేసి పెద్ద ఆసుపత్రికి పోవలెను.

2. పాదము పైకి లేవకుండ నడకలో ఈడ్చుట, కాలిలో బలము నానాటికి తగ్గుట.

3. జ్వరము, బరువు తగ్గుట, పండుకొన్నను తగ్గని రాత్రినొప్పి. మన దేశములో వెన్నుపూసలకు క్షయవ్యాధి సోకుట అరుదు కాదు. సకాలమున గుర్తించినచో అది మందులతో నయమగును.

4. చెట్టుమీదినుండి గాని, ట్రాక్టరుమీదినుండి గాని పడిన పిమ్మట వచ్చిన నొప్పి. వెనుక కాన్సరు వచ్చినవారికి కొత్తగా వచ్చిన నొప్పి.

మంచము మందు కాదు

నడుము పట్టినవానిని కదలక పండుకొనుమని చెప్పుట పూర్వపు పద్ధతి. ఫిన్లాండు దేశపు హెల్సింకీ నగరములో 186 మంది ఉద్యోగులను మూడు భాగములు చేసి పరీక్షించి, 1995లో ఫలితములు ప్రకటించిరి. కొందరిని రెండు రోజులు మంచముమీద ఉంచిరి. కొందరిచేత వ్యాయామము చేయించిరి. మిగిలినవారిని నొప్పి ఓర్చుకొన్నంతవరకు మామూలు పనులు చేసికొనుమనిరి. మామూలు పనులు చేసికొన్నవారే అందరికన్న త్వరగా కోలుకొనిరి. కనుక నొప్పి తీవ్రముగా ఉన్నపుడు ఒకటి రెండు రోజులు తేలిక పనులతో సరిపెట్టుకొని, పిమ్మట నడక ప్రారంభింపవలెను.

నడక చవకైన మందు. ఆస్ట్రేలియాలో 701 మందిపై జరిగిన పరిశీలన 2024లో వెలువడినది. వీరందరును నడుమునొప్పినుండి అప్పుడే కోలుకొన్నవారు. మామూలుగా ఉన్నవారిలో సగము మందికి 112 రోజులలోనే నొప్పి తిరుగబెట్టగా, క్రమముగా నడక పెంచుకొని తగిన సలహా పొందినవారిలో అట్లు తిరుగబెట్టుటకు 208 రోజులు పట్టినది. "పొలములో దినమంతయు నడచుచునే ఉన్నాము గదా" అని మీరనవచ్చును. వంగి బురదలో నడచుట వేరు, నిటారుగా చేతులు ఊపుచు నడచుట వేరు. పది నిమిషములతో మొదలిడి, వారమునకు కొంత చొప్పున పెంచి, అరగంటకు చేర్చవలెను.

ఇంటివద్ద చేయదగిన వ్యాయామములు

చాపమీద వెల్లకిల పండుకొని, మోకాళ్లు మడిచి, ఒక్కొక్క మోకాలిని రొమ్మువైపు లాగి విడువవలెను. అదే భంగిమలో పాదములు నేలకు ఆనించి నడుమును మెల్లగా పైకెత్తి, ఐదు లెక్కించి దించవలెను. బోర్ల పండుకొని మోచేతులపై రొమ్ము నెత్తి కొంతసేపు ఉండవలెను. ఒక్కొక్కటి పదిసార్లు, ఉదయము సాయంత్రము చేసిన చాలును. చేయునపుడు కాలినొప్పి పైకి వచ్చి నడుములోనే నిలిచినచో మంచి గుర్తు. నొప్పి పాదమువైపు దిగుచున్నచో ఆ వ్యాయామము మాని ఫిజియోథెరపిస్టు సలహా పొందవలెను.

పొలము పనిలో నడుమును కాచుకొనుట

జర్మనీలో ఒక వ్యక్తి డిస్కులో సన్నని ఒత్తిడి కొలమానమును అమర్చి కొలిచిన లెక్కలు 1999లో ప్రకటింపబడినవి. నిలుచున్నపుడు ఉండు ఒత్తిడిని ఒకటి అనుకొన్నచో, నడుము వంచి 20 కిలోలు ఎత్తినపుడు అది నాలుగున్నర రెట్లు దాటినది. మోకాళ్లు మడిచి, వీపు నిటారుగా ఉంచి ఎత్తినపుడు సుమారు మూడున్నర రెట్లు. ఆ బరువునే నిలుచుండి ఒంటికి ఆనించి పట్టుకొన్నపుడు రెండింతలకు కొంచెము పైన మాత్రమే. ఇందువలన రెండు సంగతులు తెలియును: బరువును ఒంటికి దగ్గరగా ఉంచవలెను, బరువునే తగ్గించవలెను. రెండవది మరింత ముఖ్యము.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే వయోజనుడైన పురుషుడు మోయు బరువు 55 కిలోలకు మించరాదని సిఫారసు చేసినది. కోస్తాలో నేటికిని 75 కిలోల ధాన్యపు బస్తా లెక్క నడచుచున్నది. యూరియా బస్తాను 2018లో 50 కిలోలనుండి 45 కిలోలకు తగ్గించిరి. ఇంటి గింజలను గూడ చిన్న సంచులలో నింపుకొనుటకు అడ్డేమియు లేదు. పెద్ద బస్తాను ఒక్కరు ఎత్తక ఇద్దరు పట్టవలెను. ఎత్తుచు నడుము తిప్పరాదు. పాదములు కదిపి తిరుగవలెను.

16 లీటర్ల మందు పంపులో నీటి బరువే 16 కిలోలు. వీపున పంపుతో పొలమంతయు తిరుగుటకన్న, సగము నింపి రెండుసార్లు పోవుట మేలు. పంపును నేలమీదినుండి కాక గట్టుమీదనో, బల్లమీదనో ఉంచి వీపున వేసికొనవలెను. పట్టీలు రెండును సమముగా బిగించుకొనవలెను.

నాట్లు, కలుపు, పత్తితీత పనులలో ఎక్కువ భాగము స్త్రీలదే. గంటల తరబడి వంగియుండుట నడుమునకు మిక్కిలి చేటు. అరగంటకొకసారి లేచి, చేతులు నడుముపై ఉంచి నాలుగైదుసార్లు వెనుకకు వంగవలెను. మొలకెత్తిన వడ్లను డ్రమ్ సీడరుతో చాళ్లలో వేసినచో వంగి నాటు పనియే తప్పును. చాళ్ల మధ్య కోనో వీడరు నడిపినచో నిలుచుండియే కలుపు తీయవచ్చును. పార, దంతె పిడి పనిచేయువాని ఎత్తుకు తగినంత పొడవు ఉండవలెను. ట్రాక్టరు నడుపువారు సీటు స్ప్రింగు, మెత్త చెడినచో వెంటనే బాగుచేయించవలెను. ఎడతెగని అదురు నడుమునకు హాని చేయును.

మందులు, సూదులు

కాపడము, తేలికపాటి మర్దన కొంత ఉపశమనమిచ్చును. ఎదురుకాళ్లతో పుట్టినవారిచే నడుము తన్నించుకొనుట కొన్ని ఊళ్లలో నేటికిని కలదు. పూసలలో క్షయ గాని, విరుగుడు గాని ఉన్నపుడు ఇది ప్రమాదకరము. నడుము బెల్టులు, బరువులు కట్టి లాగు వైద్యము దీర్ఘకాలపు నొప్పికి వాడుక చికిత్సగా వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో సలహా ఇచ్చినది. వ్యాయామము, రోగికి తన జబ్బును గూర్చి తెలియజెప్పుట ముఖ్యమని అదే సలహాలో కలదు.

డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి బిళ్లలు కొద్దిరోజులు, డాక్టరు చెప్పిన మోతాదులో వాడవచ్చును. నెలల తరబడి వాడినచో కడుపులో పుండ్లు, మూత్రపిండములకు హాని కలుగును. బి.పి., షుగరు ఉన్నవారు, ఎండలో చెమటోడ్చి పనిచేయువారు మరింత జాగ్రత్త పడవలెను. మూత్రపిండ వ్యాధి ఎక్కువగా ఉన్న శ్రీకాకుళము జిల్లా ఉద్దానము వంటి ప్రాంతములవారు డాక్టరు నడుగక వీటిని ముట్టరాదు. "ఒక్క సూదితో తగ్గింతును" అనువారి వద్ద ఆ సూదిలోని మందు పేరు కాగితముపై వ్రాయించుకొనవలెను. మరల మరల స్టెరాయిడు ఎక్కించుకొన్నచో ఎముకలు గుల్లబారును, షుగరు పెరుగును.

ఆపరేషను ఎవరికి?

పైన చెప్పిన మొదటి రెండు లక్షణములు ఉన్నవారికి ఆపరేషను అవసరము కావచ్చును. మూత్రము, మలము అదుపు తప్పినపుడు అది అత్యవసరము. ఆరు వారములనుండి మూడు నెలలవరకు మందులు, వ్యాయామము చేసినను తగ్గని కాలినొప్పి ఉండి, స్కానులో అదే నరము ఒత్తుకొన్నట్లు కనిపించినవారు కూడ ఆపరేషనును గూర్చి ఆలోచింపవచ్చును. సయాటికా గల 283 మందిపై హాలండులో జరిపిన పరిశీలన 2007లో వెలువడినది. త్వరగా ఆపరేషను పొందినవారికి నొప్పి త్వరగా తగ్గినది. కాని ఏడాది తిరుగునప్పటికి రెండు వర్గములలోను నూటికి 95 మంది కోలుకొనిరి. ఆగి చూచినవారిలో నూటికి 39 మందికి మాత్రము తరువాత ఆపరేషను జరిగినది.

కాలినొప్పి లేక కేవలము నడుమునొప్పి ఉన్నవారికి పూసలను స్క్రూలతో బిగించు ఆపరేషను సంగతి వేరు. బ్రిటనులో 349 మందిపై జరిగి 2005లో వెలువడిన పరిశీలనలో, పట్టుదలతో చేయించిన వ్యాయామ శిక్షణకన్న ఈ ఆపరేషను స్పష్టముగా మేలైనదని తేలలేదు. కనుక "కాగితములో అరిగినదని ఉన్నది" అను ఒక్క కారణముతో ఆపరేషనుకు ఒప్పుకొనరాదు. "నాకు ఏ నరము ఒత్తుకొన్నది? ఆపరేషను మానినచో ఏమగును? తరువాత ఎన్ని నెలలకు పొలము పని చేయగలను?" అని డాక్టరును అడుగవలెను. రెండవ డాక్టరు అభిప్రాయము తీసికొనుట మర్యాదకు లోపము కాదు. విశాఖపట్నము కింగ్ జార్జి, గుంటూరు, కర్నూలు ప్రభుత్వ ఆసుపత్రులలోను, హైదరాబాదు ఉస్మానియా, గాంధీ, నిమ్స్ ఆసుపత్రులలోను ఇట్టి నిపుణులు గలరు. అప్పు చేయుటకు ముందు, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ, తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ పథకములలో ఆ చికిత్స ఉన్నదో లేదో ఆసుపత్రిలోని సహాయ బల్ల వద్ద విచారింపవలెను.

గ్రామోద్యోగులు చేయదగినది

ఆలస్యము చేయరాని లక్షణముల పట్టికను సచివాలయము, పంచాయతీ కార్యాలయము గోడలపై అతికించవచ్చును. డ్రమ్ సీడరు, కోనో వీడరు వంటి పరికరములు అద్దెకు దొరకునట్లు చూడవచ్చును. ఊరిలో ఎవరైన నడుమునొప్పితో నెలల తరబడి మంచము పట్టినచో ఏ.ఎన్.ఎం.కు, ఆశా కార్యకర్తకు తెలియజేయవలెను. చిన్న బస్తాల వాడుకకు రైతులను, హమాలీలను, వ్యాపారులను ఒకచోట కూర్చుండబెట్టి ఒప్పించుట గ్రామపెద్దలవలన కాగల పని.

రైతు సోదర సోదరీమణులారా! అరిగిన డిస్కును మరల కొత్తది చేయు మందు లేదు. అట్టి మందు ఉన్నదని అమ్మజూపువారిని నమ్మవద్దు. కాని డిస్కు అరిగియున్నను నొప్పి తగ్గును, బలము చేకూరును, సేద్యము సాగును. అపాయ లక్షణములను గుర్తుంచుకొనుడు, బరువు తగ్గించుకొనుడు, ప్రతిదినము నడువుడు. గేదెను సంతకు తోలుటకు ముందు మరియొక డాక్టరును అడుగుడు.