సర్వర్ నవీకరణ నిర్ణయం: ఆదోని, ఎమ్మిగనూరు వ్యాపార నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం: సర్వర్ పాతబడినప్పుడు దాని ఆపరేటింగ్ సిస్టమ్‌ను, యంత్రాన్ని మార్చాలా, కొనసాగించాలా అన్న ప్రశ్న ప్రతి వ్యాపార సంస్థకూ ఎదురవుతుంది. ఈ నిర్ణయానికి యంత్రం వయస్సు కంటే అందులోని లెక్కల భద్రత, పఠనీయత ప్రధాన ప్రమాణాలు కావాలని వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలక పదాలు: సర్వర్, ఆపరేటింగ్ సిస్టమ్, యూనికోడ్, బ్యాకప్, ఆదోని, ఎమ్మిగనూరు.

1. ఉపోద్ఘాతం

కర్నూలు జిల్లా పశ్చిమ ప్రాంతంలో ఆదోని పత్తి వ్యాపారానికి, జిన్నింగ్ మిల్లులకు ప్రసిద్ధి. ఎమ్మిగనూరు చేనేతకు పేరొందింది. అక్కడి చేనేత సహకార సంఘాన్ని 1938లో మాచాని సోమప్ప స్థాపించారు. ఒకప్పుడు ఇటువంటి వ్యాపారాలకు చిట్టా, ఆవర్జా పుస్తకాలే ఆధారం. పత్తి తూకం, రైతుకు చెల్లింపు, బేళ్ల నిల్వ. నేతగానికి ఇచ్చిన నూలు, తిరిగి వచ్చిన బట్ట, చెల్లించిన కూలి - ఇవన్నీ కంప్యూటరుకు ఎక్కిన చోట వాటిని భద్రపరచి, సంస్థలోని ఇతర కంప్యూటర్లకు అందించే యంత్రమే సర్వర్. ఆ పుస్తకాల స్థానం నేడు దానిదే.

2. ఆపరేటింగ్ సిస్టమ్ గడువు

ఆపరేటింగ్ సిస్టమ్‌కు తయారీ సంస్థ మద్దతు ముగిసిన రోజున సర్వర్ ఆగిపోదు. అందువల్లనే యజమాని ఆ గడువును గుర్తించడు. ఆగిపోయేది భద్రతా సవరణల రాక మాత్రమే. విండోస్ సర్వర్ 2012 ఆర్2కు సాధారణ మద్దతు గడువు 2023 అక్టోబర్ 10తో ముగిసింది. రుసుముతో లభించే సవరణలకు 2026 అక్టోబర్ 13 చివరి తేదీ. విండోస్ సర్వర్ 2016 గడువు 2027 జనవరి 12. సెంటాస్ 7 గడువు 2024 జూన్ 30న తీరింది.

సవరణలు లేకపోతే కలిగే నష్టానికి 2017 మే నెలలో ప్రపంచమంతటా వ్యాపించిన వాన్నాక్రై దాడి నిదర్శనం. దానిని అడ్డుకోగల సవరణ అదే ఏడాది మార్చి 14న వెలువడింది. అది చేరని యంత్రాలలోని దస్త్రాలకు తాళం పడింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా ఈ దాడికి గురయ్యాయి.

3. యంత్రం స్థితి

ఆపరేటింగ్ సిస్టమ్ మార్పు, యంత్రం మార్పు వేర్వేరు ప్రశ్నలు. ఆదోని వంటి చోట వేసవి వేడి, మిల్లు గాలిలోని దూది నుసి, విద్యుత్ అంతరాయాలు యంత్రాన్ని దెబ్బతీస్తాయి. నెమ్మదిగా పనిచేయడమే లోపమైతే మెమరీ పెంచడం, ఎస్‌ఎస్‌డీ అమర్చడం సరిపోవచ్చు. విడిభాగాలు దొరకకపోయినా, డిస్కులు తరచు చెడిపోతున్నా యంత్రాన్ని మార్చడమే ఉచితం. రెండు డిస్కులలో ఒకే సమాచారం నిలిపే ఏర్పాటు బ్యాకప్ కాదు. పొరపాటున ఒక ఖాతా తొలగిస్తే రెండింటిలోనూ తొలగిపోతుంది.

4. పాత ప్రోగ్రాములు, తెలుగు పేర్లు

నవీకరణలో అసలు చిక్కు ఇక్కడ ఉంది. డాస్ కాలపు లెక్కల ప్రోగ్రాములు 64 బిట్ల విండోస్‌పై నేరుగా నడవవు. 2008 ఆర్2 నుండి విండోస్ సర్వర్లన్నీ 64 బిట్లవే.

తెలుగులో నమోదైన పేర్లకు మరో ప్రమాదం ఉంది. పాత ఫాంట్లతో టైపు చేసిన పాఠం లోపల ఇంగ్లీషు అక్షరాల సంకేతాలుగానే నిలుస్తుంది. ఆ ఫాంటు లేని కొత్త యంత్రంలో రైతు పేరు అర్థంలేని గుర్తులుగా కనిపిస్తుంది. యూనికోడ్‌లో వెదికితే ఆ పేరు దొరకదు. డేటాబేసు గడి యూనికోడ్‌ను స్వీకరించే రకం కాకపోతే తెలుగు అక్షరాలు ప్రశ్నార్థకాలుగా మారిపోతాయి. అలా నమోదైన తరువాత మూలపాఠాన్ని వాటినుండి తిరిగి రాబట్టలేం. కాబట్టి మార్పిడి తరువాత ఒత్తులు, గుణింతాలు, ఇంటిపేర్లు మనిషి కంటితో సరిచూడవలసినవే. తాళపత్రానికి నకలు తీసినవారు మూలంతో సరిపోల్చిన పద్ధతే ఇక్కడా వర్తిస్తుంది.

5. సమయం, విధానం

జీఎస్టీ చట్టం ప్రకారం లెక్కలను వార్షిక రిటర్ను గడువు తేదీ నుండి 72 నెలలు భద్రపరచాలి. కంపెనీలు వాడే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ప్రతి దిద్దుబాటూ నమోదు కావాలన్న నియమం 2023 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉంది. కనుక కొత్త సర్వర్‌లో పాత లెక్కలు తెరుచుకోవడం చట్టపరమైన అవసరం కూడా.

పత్తి రాక అక్టోబర్ ప్రాంతంలో మొదలవుతుంది. యార్డులో బండ్లు నిలిచి ఉండగా సర్వర్ ఆగితే రైతు చెల్లింపు ఆగుతుంది. అందుచేత ఈ పనిని సీజను ముగిసిన తరువాత చేపట్టాలి. ముందుగా బ్యాకప్‌ను వేరొక యంత్రంలో తెరిచి చూడాలి. ఒక పాత సంవత్సరపు ఆవర్జా మొత్తాలను, కొన్ని తెలుగు పేర్లను పాత, కొత్త యంత్రాలలో పోల్చాలి. రెండూ సరిపోయాకే కొత్త సర్వర్‌ను వాడుకలోకి తేవాలి. పాతదానిని నెట్‌వర్క్ నుండి వేరుచేసి కొంతకాలం ఉంచాలి.

6. ముగింపు

మద్దతు ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్, నమ్మదగిన యంత్రం, తిరిగి తెరిచి చూసిన బ్యాకప్ - ఈ మూడూ ఉన్న సంస్థ నవీకరణను వాయిదా వేయవచ్చు. మొదటి రెండింటిలో ఏది లోపించినా వచ్చే సీజనుకు ముందే ఆ మేరకు మార్పు చేపట్టాలి. మూడవది లేకపోతే నవీకరణకు పూనుకోరాదు. ముందు బ్యాకప్‌ను సరిచేసుకోవాలి. యంత్రాన్ని మళ్లీ కొనవచ్చు. రైతు పేరు, నేతగాని కూలి ఉన్న లెక్క ఒకసారి చెరిగితే దాన్ని తిరిగి రాయడానికి జ్ఞాపకం తప్ప వేరే ఆధారం మిగలదు.