రెండు డిజైన్లు ఒకే గదిలో ఇమడాలంటే

ఒక గోడకు పూల వాల్‌పేపర్, పక్క గోడకు చారలది వేయించాలనుకునేవారికి ముందుగా అందే సలహా రంగులు కలవాలని. రంగు ముఖ్యమే. కానీ అంతకన్నా ముందు చూడవలసింది డిజైన్ కొలత, అంటే ఒక పువ్వు తర్వాత మళ్లీ అదే పువ్వు ఎంత దూరంలో వస్తుందన్నది. ఇందుకు ఆధారం మన చూపు పనిచేసే తీరులోనే ఉంది. సన్నచారలను, వెడల్పు చారలను మన దృష్టి వేర్వేరు మార్గాల ద్వారా గ్రహిస్తుందని 1968లో క్యాంప్‌బెల్, రాబ్సన్ అనే శాస్త్రవేత్తలు ప్రయోగాలతో చూపారు. రెండు నమూనాల కొలతలు దగ్గరగా ఉంటే రెండూ ఒకే మార్గం మీద పడి, ఒకదాన్నొకటి మరుగుపరుస్తాయి. కొలతలో మూడు రెట్ల తేడా ఉంటే ఆ పోటీ బాగా తగ్గిపోతుంది.

ఇలా మరుగుపరచడాన్ని పరీక్షించిన ప్రయోగాల్లో నమూనాలను ఒకదాని మీద ఒకటి వేసి చూపేవారు, గదిలో అవి పక్కపక్కనే కదా ఉండేది అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అయితే పక్కనున్న నమూనా కూడా చూస్తున్నదాని స్పష్టతను తగ్గించగలదు. రెండింటి కొలతా, గీతల దిశా ఒకటే అయినప్పుడు ఆ ప్రభావం మరీ ఎక్కువ. నిలువు చారల గోడ ముందు అదే వెడల్పు నిలువు చారల కర్టెన్ వేలాడదీస్తే రెండూ తేలిపోవడానికి కారణం ఇదే. చారల విషయంలో ఇంకో జాగ్రత్త కావాలి. చూపు కోణంలో ఒక డిగ్రీకి సుమారు మూడు జతల ముదురు, లేత చారలు పడితే చాలామందికి కళ్లు ఇబ్బంది పడతాయని, మైగ్రేన్ ఉన్నవారికి ఇది మరింత ఎక్కువని 1984లో ఆర్నాల్డ్ విల్కిన్స్ బృందం వివరించింది. మూడు మీటర్ల దూరంలో ఒక డిగ్రీ అంటే గోడ మీద దాదాపు 5 సెంటీమీటర్లు. అంటే ఒక ముదురు చార, ఒక లేత చార కలిపి 1.7 సెంటీమీటర్ల దగ్గర ఉండే డిజైన్, అందులోనూ నలుపు తెలుపుల్లో, హాల్లో సోఫా ఎదురుగా వేయవలసింది కాదు.

ఇదంతా అభిరుచికి సంబంధించినది, దీనికి సైన్సెందుకు అనేవారూ ఉంటారు. ఏ పువ్వు, ఏ రంగు అన్నది అభిరుచే. అది రెండో డిజైన్ పక్కన విడిగా కనిపిస్తుందా లేదా అన్నది మాత్రం కంటి పని. మచిలీపట్నం కలంకారీ దుప్పటినే చూడండి. మధ్యలో పెద్ద చెట్టు, కొమ్మలు, అంచులో చిన్న చిన్న పూల వరస. రంగులు రెండుచోట్లా అవే అయినా ఏదీ రెండోదాన్ని మింగేయదు. కొలతలో తేడా అంత స్పష్టంగా ఉంది. పదిహేడో శతాబ్దంలో కోరమాండల్ తీరం నుంచి ఇలాంటి అద్దకం బట్టలు యూరప్‌కు వెళ్లి అక్కడి ఇళ్ల గోడల మీదా వేలాడాయి.

కొనేముందు రెండు నమూనా ముక్కలూ పక్కపక్కన గోడకు అంటించి, మీరు రోజూ కూర్చునే చోటి నుంచి కళ్లు సగం మూసి చూడండి. రెండూ కలిసిపోయి ఒకే మసకగా కనిపిస్తే, రంగు ఎంత నచ్చినా వాటిలో ఒకటి మార్చండి.