ఎయిర్ రైఫిల్ బాగుందా లేదా? తేల్చింది పెల్లెట్ డబ్బా!

ఈ వారం ఫోన్ రివ్యూ కాదు. ఫోన్ ఉంది గానీ, కొలిచే పనిముట్టుగానే. అమలాపురం దగ్గర మా కొబ్బరి తోటలో పది రోజులు ఒక కొత్త .177 ఎయిర్ రైఫిల్ టెస్ట్ చేశా. స్ప్రింగ్‌తో పనిచేసే బ్రేక్ బారెల్ మోడల్. నా దగ్గరున్నది ఒక్క పీసే, అందుకే బ్రాండ్ పేరు పెట్టి తీర్పు ఇవ్వట్లేదు.

మొదటి రోజే రిటర్న్ పెట్టేద్దామనుకున్నా. 10 మీటర్ల దూరంలో ఐదు షాట్లు 38 మి.మీ. వెడల్పున చెదిరాయి. కొత్తలో లోపలి ఆయిల్ కాలి పొగ వాసన వస్తుంది, స్పీడ్ షాట్ షాట్‌కీ మారుతుంది. 200 పెల్లెట్లు కాల్చాక వాసన పోయింది. గ్రూప్ మాత్రం 34 దగ్గర ఆగిపోయింది.

అమెరికాలో కొందరు వేటగాళ్లు కొత్త రైఫిల్ కొంటే దానికి సరిపడే తూటాలు ఇంట్లోనే తయారు చేసుకుంటారు. మందు కొంచెం మార్చడం, కాల్చడం, గ్రూప్ కొలవడం. మన దగ్గర లైసెన్స్ లేకుండా తూటా తయారీ నేరం, వేట నిషేధం. మన చేతిలో ఉన్నది పెల్లెట్ ఎంపికే. అదేం చిన్న విషయం కాదు. 10 మీటర్ల ఒలింపిక్ టార్గెట్‌లో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరే. ఆ స్థాయి షూటర్లు తమ బారెల్‌కి నప్పే పెల్లెట్ బ్యాచ్ కోసం డబ్బాలకి డబ్బాలు పరీక్షిస్తారు. గగన్ నారంగ్ 2012లో లండన్‌లో కాంస్యం గెలిచింది ఈ ఈవెంట్‌లోనే.

నేను 0.001 గ్రాముల తూకం కొని చౌక పెల్లెట్లని ఒక్కొక్కటీ తూచా. ఒకే డబ్బాలో 0.50 నుంచి 0.55 గ్రాముల దాకా ఉన్నాయి! ఒకే బరువువి ఏరి కాలిస్తే గ్రూప్ 27కి వచ్చింది. తర్వాత మొన సూదిగా ఉన్నవి పక్కన పెట్టి గుండ్రటి తలవి తెచ్చా. తల 4.50 మి.మీ. ఉన్నవి 21 ఇచ్చాయి, 4.52వి 13. తేడా జుట్టు మందం కూడా లేదు, చూడండి. రైఫిల్‌ని గట్టిగా బిగించి పట్టుకోకుండా అరచేతి మీద వదులుగా ఆనించాక 10.

ఇక స్పీడ్. ఫోన్‌ని రైఫిల్‌కీ టార్గెట్‌కీ సరిగ్గా మధ్యలో పెట్టి ఆడియో రికార్డ్ చేశా. రెండు చప్పుళ్లూ 5 మీటర్లే ప్రయాణిస్తాయి కాబట్టి శబ్దం ఆలస్యం కొట్టుకుపోతుంది. వేవ్‌ఫామ్‌లో రెంటి మధ్య 41 మిల్లీసెకన్లు, అంటే సగటున సెకనుకి 244 మీటర్లు. 0.53 గ్రాముల పెల్లెట్‌కి 16 జౌల్స్‌కి కాస్త తక్కువ. బారెల్ దగ్గర ఇంకొంచెం ఎక్కువే ఉంటుంది. ఇది ఎందుకు కొలవాలంటే, .177 దాటకుండా, 20 జౌల్స్ మించకుండా ఉంటేనే లైసెన్స్ అక్కర్లేదు.

లైసెన్స్ లేదంటే బొమ్మ అని కాదు. వెనక ఇసుక బస్తాలు పేర్చా. దింపు తీసే రోజుల్లో అసలు బయటికే తీయలేదు.

అసలు గొడవ బాబాయ్‌తో. ఆయనకి రొయ్యల చెరువుంది. "ఏరా, ఇంత గురి కుదిరింది కదా, ఆ నీటికాకుల్ని నాలుగు కొట్టచ్చుగా?" అన్నాడు. కుదరదు బాబాయ్, అది వేట కిందకే వస్తుంది, కేసవుతుంది అన్నా. రెండ్రోజులు మాట్లాడలేదు. మూడో రోజు చెరువు మీద వల కట్టించడానికి కొలతలు నేనే తీసిచ్చి, తోటకి తీసుకొచ్చి ఐదు పెల్లెట్లు చేతిలో పెట్టా.

కాగితం మీద 26 మి.మీ. వచ్చింది. ఇప్పుడు ప్రతి ఆదివారం పొద్దున్నే వచ్చి కూర్చుంటున్నాడు.