మూలుగు నేర్పిన యంత్రం

నెలలు నిండని పిల్లల వార్డులో సీపాప్‌ను మొదటిసారి చూసిన తండ్రికి దాని మీద నమ్మకం కుదరడం కష్టమే. చుట్టూ రంగురంగుల అంకెలతో మానిటర్లు, సిరంజి పంపులు, వార్మర్లు. వాటి మధ్య ఈ యంత్రంలో అసలు పని చేసేది నీళ్లు పోసిన ఒక ప్లాస్టిక్ సీసా. అందులోకి ఒక గొట్టం దిగి ఉంటుంది. దాని చివర బుడబుడమని బుడగలు. ఆ గొట్టం వెంబడి చూపు వెనక్కి పోనిస్తే కిలో పావు బరువున్న బిడ్డ ముక్కు దగ్గర ఆగుతుంది. ముక్కు రంధ్రాల్లో రెండు మెత్తటి పొట్టి గొట్టాలు, అవి కదలకుండా నెత్తిమీది టోపీకి కట్టిన తాళ్లు, నోట్లోంచి కడుపులోకి మరో సన్నటి గొట్టం. మొహంలో మిగిలి కనిపించేవి మూసిన కళ్లూ, గడ్డమూ.

తల్లి ఇంకా పై అంతస్తులో మంచం మీదే ఉంటుంది. బిడ్డను ముందు చూసేది తండ్రే. బయటికొచ్చి ఇంటికి ఫోన్ చేసి, "మిషన్ మీద పెట్టారమ్మా" అంటాడు. అవతలి వాళ్లు దాన్ని మరోలా అర్థం చేసుకుంటారు. ఊపిరి ఆడించేది మిషనేననీ, అది తీస్తే బిడ్డ దక్కదనీ అనుకుంటారు. ఆ ఇంట్లో ఆ రాత్రి ఎవరూ అన్నం ముట్టరు. కాబట్టి సీపాప్ కథలో ముందు చెప్పాల్సిన మాట ఇది: అది ఊపిరి తీయదు. తీసేదీ వదిలేదీ బిడ్డే. వదిలినప్పుడు ఊపిరితిత్తులు పూర్తిగా ఖాళీ అయిపోకుండా కాస్త గాలిని లోపల నిలిపి ఉంచడమే ఈ యంత్రం పని. అంతకు మించి ఏమీ లేదు.

అంతేనా అనిపిస్తుంది. ఆ అంతేనా అనిపించే పని కనిపెట్టడానికే వైద్యులకు కొన్ని దశాబ్దాలు పట్టింది.

మన ఊపిరితిత్తుల్లో గాలి గదులు కోట్లలో ఉంటాయి. ప్రతి గది లోపలి గోడా తడిగానే ఉంటుంది. కూరగాయల బండి దగ్గర ఇచ్చే పల్చటి పాలిథిన్ కవరు లోపల తడిస్తే దాని మూతి విప్పడానికి ఎంత అవస్థ పడతామో తెలిసిందే. రెండు పొరలూ నీటి పొరతో అంటుకుపోతాయి. ఒక్కసారి కాస్త విచ్చుకుంటే మిగతాది సులువు. మళ్లీ పూర్తిగా మూసుకుంటే మళ్లీ మొదటి అవస్థే. గాలి గదులు ఇలా అంటుకుపోకుండా మన శరీరం ఒక జిడ్డు పదార్థాన్ని తయారు చేసుకుని గోడలకు పూసుకుంటుంది. దాని పేరు సర్ఫాక్టెంట్. గర్భంలో బిడ్డకు ఇది సుమారు 24 వారాల వేళ మొదలవుతుంది, సరిపడా సమకూరేసరికి 34, 35 వారాలు దాటుతుంది. అంతకు ముందే పుట్టిన బిడ్డ ప్రతి శ్వాసకూ అంటుకుపోయిన కవర్లను కొత్తగా విప్పుకోవాలి. పక్కలెగరేస్తాడు, ముక్కుపుటాలు ఎగరేస్తాడు, కొన్ని గంటల్లో అలిసిపోతాడు.

ఇక్కడ మన ఇళ్లలో తరతరాలుగా నడుస్తున్న ఒక నమ్మకాన్ని పక్కన పెట్టాలి. ఏడో నెలలో పుడితే బతుకుతాడు, ఎనిమిదో నెలలో పుడితే దక్కడు అంటారు. ఊపిరితిత్తులకు అలాంటి లెక్క లేదు. కడుపులో గడిచే ప్రతి వారమూ బిడ్డకు లాభమే. ఎనిమిదో నెల బిడ్డ పక్కన నిలబడి ఆ మాట అనే పెద్దవాళ్లను కాసేపు టీకి పంపించడం మంచిది.

గాలి గదుల తడి గోడలే ఊపిరికి పెద్ద అడ్డంకి అని కర్ట్ ఫాన్ నీర్‌గార్డ్ 1929లోనే రాశాడు. పంది ఊపిరితిత్తులను ఒకసారి గాలితో, ఒకసారి ద్రవంతో నింపి చూశాడు. ద్రవంతో నింపడం చాలా తేలికైంది. అప్పుడే పుట్టిన పిల్లల ఆయాసానికి దీనితో సంబంధం ఉండొచ్చని కూడా అన్నాడు. పాతికేళ్లు ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత పట్టించుకున్నది అమెరికా సైన్యం, అదీ పిల్లల కోసం కాదు. విషవాయువులు ఊపిరితిత్తులను ఏం చేస్తాయో తేల్చే ప్రయోగశాలలో పనిచేస్తూ జాన్ క్లెమెంట్స్ ఆ జిడ్డు పొర తలతన్యతను కొలిచే ఏర్పాటు చేసుకున్నాడు. ఆ కొలతను మేరీ ఎలెన్ ఏవరీ అనే పిల్లల డాక్టరు, జెరి మీడ్‌తో కలిసి, చనిపోయిన శిశువుల ఊపిరితిత్తులకు వాడింది. చదువు పూర్తయిన కొత్తలో క్షయ సోకి మంచం పట్టిన మనిషి ఆమె, ఊపిరితిత్తుల మీద ఆసక్తి అక్కడే పుట్టింది. 1959లో వాళ్లు తేల్చింది ఇదీ: ఈ పిల్లలకు ఊపిరితిత్తుల్లో ఉండకూడనిదేదో చేరడం కాదు జబ్బు, ఉండాల్సిన సర్ఫాక్టెంట్ లేకపోవడం.

జబ్బు తెలిసినా వైద్యం మాత్రం తెలియలేదు. 1963 ఆగస్టు 7న అమెరికా అధ్యక్షుడు కెనెడీకి కొడుకు పుట్టాడు. అయిదున్నర వారాలు ముందుగా, రెండు కిలోల పై చిలుకు బరువుతో. పేరు పాట్రిక్. పుట్టగానే ఆయాసం. బోస్టన్ పిల్లల ఆసుపత్రికి తరలించారు, చివరికి అధిక పీడనంతో ఆక్సిజన్ నింపిన పెద్ద గదిలో కూడా పెట్టి చూశారు. 39 గంటలు బతికాడు. ప్రపంచంలో ఎవరినైనా పిలిపించగల తండ్రి, తలుపు బయట నిలబడటం తప్ప ఏమీ చేయలేకపోయాడు. అంతే బరువుతో, అంతే ఆయాసంతో పుట్టిన బిడ్డ ఇవాళ మన జిల్లా ఆసుపత్రి ఎస్‌ఎన్‌సీయూ (నవజాత శిశువుల ప్రత్యేక సంరక్షణ విభాగం)లోనైనా చాలావరకు కోలుకుని ఇంటికి వెళ్తుంది.

మధ్యలో ఏం జరిగిందంటే, ఒకరిద్దరు డాక్టర్లు బిడ్డ మూలుగును చెవి పెట్టి విన్నారు.

ఆయాసపడే నవజాత శిశువు ఊపిరి వదిలేటప్పుడల్లా సన్నగా మూలుగుతుంది. పక్కన కూర్చున్న తల్లికి అది నొప్పిలా వినిపిస్తుంది. డాక్టర్లకూ అది చాలాకాలం జబ్బు ముదిరిందనడానికి గుర్తు మాత్రమే. కానీ ఆ మూలుగు వచ్చేది గొంతులో స్వరపేటిక సగం మూసుకోవడం వల్ల. వదిలే గాలికి అడ్డం వేసి, కొంత లోపలే నిలబెట్టుకుంటోంది బిడ్డ. 1968లో కేప్‌టౌన్‌కు చెందిన హారిసన్, ఆయన సహచరులు దీన్ని కొలిచి చూపించారు. గొంతులోకి గొట్టం దించితే స్వరపేటిక మూసుకోలేదు, మూలుగు ఆగిపోతుంది, రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది. గొట్టం తీసేస్తే మూలుగు తిరిగి వస్తుంది, ఆక్సిజన్ పెరుగుతుంది. అంటే మూలుగు రోగం కాదు, బిడ్డ తనకు తాను చేసుకుంటున్న వైద్యం.

శాన్‌ఫ్రాన్సిస్కోలో జార్జ్ గ్రెగరీ అనే మత్తు డాక్టరు తీసుకున్న నిర్ణయం ఈ ఆలోచన నుంచి సూటిగా వచ్చిందే. గొట్టం దించక తప్పనప్పుడు, ఆ మూలుగు చేసే పనిని బయటి నుంచి మనమే చేద్దాం అనుకున్నాడు. మత్తు ఇచ్చేటప్పుడు వాడే సంచినీ, దాని తోకకు బిగించే ఒక స్క్రూనూ పెట్టి, బిడ్డ వదిలే గాలికి ఎప్పుడూ కొంత ఎదురు ఒత్తిడి ఉండేలా చేశాడు. ఫలితాలు 1971లో అచ్చయ్యాయి. తీవ్రంగా ఆయాసపడుతున్న 20 మంది శిశువులు, 930 గ్రాముల నుంచి 3,800 గ్రాముల వరకు. 18 మందికి గొట్టం ద్వారా, ఇద్దరికి తల చుట్టూ అమర్చిన పెట్టె ద్వారా ఒత్తిడి ఇచ్చారు. 16 మంది బతికారు. కిలోన్నర లోపు వాళ్లు పది మంది ఉంటే, వాళ్లలో ఏడుగురు. పాట్రిక్ పోయి అప్పటికి ఎనిమిదేళ్లు కూడా నిండలేదు.

ఇంత జరిగాక అందరూ ఈ దారినే పట్టి ఉంటారనుకుంటాం. పట్టలేదు. 1970లు, 80లు వెంటిలేటర్ల కాలం. కొత్త మోడళ్లు, కొత్త మీటలు. బిడ్డ ఊపిరిని యంత్రమే నడిపిస్తే తప్పేముందన్నది అప్పటి ధోరణి. తప్పు ఎక్కడుందో నెమ్మదిగా తెలిసింది. ప్రాణం దక్కిన పిల్లల్లో కొందరు, ఊపిరితిత్తులు ఆ ఒత్తిడికీ, ఆక్సిజన్‌కూ దెబ్బతిని నెలల తరబడి ఆక్సిజన్ మీదే ఉండిపోయేవారు.

న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో మాత్రం జెన్-టియెన్ వుంగ్ తన పద్ధతి వదల్లేదు. ఆయనా మత్తు డాక్టరే. గొంతులోకి గొట్టం లేదు, ముక్కులోకి రెండు పొట్టి గొట్టాలు చాలు. నవజాత శిశువులు ఎటూ ఎక్కువగా ముక్కుతోనే గాలి పీలుస్తారు. ఎదురు ఒత్తిడికి ఖరీదైన వాల్వు అక్కర్లేదు, వదిలిన గాలిని నీళ్ల సీసాలోకి పంపితే సరి. గొట్టం నీళ్లలో 5 సెంటీమీటర్లు మునిగితే ఒత్తిడి 5, ఏడు మునిగితే 7. సీసా మీది గీతలు చూసి నర్సు ఒక్క చేత్తో మార్చేయొచ్చు.

1987లో ఎనిమిది ఆసుపత్రుల లెక్కలు పోల్చి చూసిన నివేదిక ఒకటి వచ్చింది. చిన్న బరువు పిల్లల్లో దీర్ఘకాలపు ఊపిరితిత్తుల జబ్బు అందరికంటే తక్కువ కొలంబియాలోనే. ఆ నివేదిక రాసిన వాళ్లలో మొదటి పేరు మేరీ ఎలెన్ ఏవరీది. అంతకు 28 ఏళ్ల ముందు జబ్బు మూలం పట్టుకున్న మనిషే నీళ్ల సీసా వైపు కూడా వేలు చూపించింది.

సీసా చవకే కానీ, దాని వెనుక చాకిరీ చవక కాదు. ముక్కు గొట్టాలు సరైన సైజువి కాకపోతే గాలి పక్కల నుంచి కారిపోతుంది. బిగుతుగా నొక్కితే రెండు రంధ్రాల మధ్య గోడ పుండు పడుతుంది. అందుకే అక్కడ వెంట్రుకవాసి సందు ఉందో లేదో నర్సు ప్రతి రెండు మూడు గంటలకూ వంగి చూడాలి. వచ్చే గాలి వెచ్చగా, తేమగా ఉండాలి. ఆ తేమ గొట్టంలో నీరై సీసాలోకి కారితే మట్టం పెరుగుతుంది, దాంతో ఒత్తిడీ పెరుగుతుంది. గాలి కడుపులోకీ పోతుంది కాబట్టి పొట్ట ఉబ్బుతుంది, నోట్లోంచి వేసిన ఆ సన్నటి గొట్టం దాన్ని బయటికి వదలడానికే. వుంగ్ వార్డు గెలిచింది సీసా వల్ల ఎంతో, నర్సుల వల్ల అంతకన్నా ఎక్కువని నా అభిప్రాయం. యంత్రం కొని నర్సుల్ని పెట్టని ఆసుపత్రికి సగం వైద్యమే దక్కుతుంది.

తల్లిదండ్రుల గుండె ఆగేది బుడగలు ఆగినప్పుడు. చాలాసార్లు జరిగేది చిన్న సంగతే. బిడ్డ ఏడ్చి నోరు తెరుస్తుంది, గాలి నోట్లోంచి పోతుంది, సీసా మూగబోతుంది. నర్సు వచ్చి గడ్డం కింద వేలు పెట్టి మెల్లగా నోరు మూయగానే మళ్లీ బుడబుడ. మానిటర్ కూత పెట్టడానికి ఇంకో కారణం ఉంది. ఇంత చిన్న పిల్లలు ఒక్కోసారి ఊపిరి తీయడమే మరిచిపోతారు. అరికాలు తట్టితే గుర్తుకొస్తుంది. దానికి మందుగా ఇచ్చేది కెఫీన్, మన కాఫీలో ఉండేదే. ఫిల్టరు కాఫీ తాగే నాయనమ్మకు ఈ కబురు చెబితే, ఆ వారంలో మొదటిసారి నవ్వొచ్చినా రావచ్చు.

సీపాప్‌తో అన్నీ తీరిపోవు. 25 నుంచి 28 వారాల మధ్య పుట్టిన 610 మంది పిల్లలతో జరిగిన ఒక పెద్ద పరీక్ష 2008లో వచ్చింది. మొదటే గొట్టం దించిన పిల్లలకూ, సీపాప్‌తో మొదలుపెట్టిన పిల్లలకూ ప్రాణాపాయంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. సీపాప్ పిల్లలు వెంటిలేటర్ మీద తక్కువ రోజులు ఉన్నారు. కానీ ఊపిరితిత్తి చిల్లుపడి గాలి బయటికి కారే ప్రమాదం వాళ్లలోనే ఎక్కువ, 3 శాతానికి 9 శాతం. కొందరికి గొట్టం దించి సర్ఫాక్టెంట్‌ను మందుగా పోయాల్సే వస్తుంది. డాక్టరు "ముందు సీపాప్ చూద్దాం, తర్వాత చెప్తాం" అంటే దాటవేస్తున్నాడని అనుకోనక్కర్లేదు. అసలు జవాబే అది.

సీసా తర్వాత వెళ్లిన చోట్లు చూస్తే ముచ్చటేస్తుంది. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయం విద్యార్థులు చేపల తొట్టెలకు గాలి కొట్టే పంపులతో ఒక సీపాప్ తయారు చేశారు. మలావీలోని బ్లాంటైర్ ఆసుపత్రిలో దాన్ని వాడినప్పుడు, ఆయాసపడే శిశువుల్లో బతికి బయటపడ్డవారు 44 శాతం నుంచి 71 శాతానికి చేరారు. ఢాకాలో చిస్తీ అనే డాక్టరు న్యుమోనియా పిల్లల కోసం ఖాళీ షాంపూ సీసాలే వాడాడు. పల్లె నుంచి జిల్లా ఆసుపత్రికి అంబులెన్సులో వచ్చేటప్పుడూ పనిచేసేలా బెంగళూరులో 'సాన్స్' అనే చిన్న పరికరం తయారైంది. 2020లో మన దేశంలో నెలలు నిండకుండా పుట్టిన పిల్లలు సుమారు 30 లక్షలు, ప్రపంచంలో అన్ని దేశాల కంటే ఎక్కువ. ఆ లెక్కన మనకు కావలసింది ఇలాంటి చవక సరుకే.

గొట్టాలున్నాయి కదా, బిడ్డను ముట్టుకోకూడదేమో అని తల్లులు చేతులు వెనక్కి తీసుకుంటారు. సీపాప్ మీదున్న బిడ్డనూ తల్లి రొమ్ముకు ఆనించి పడుకోబెట్టొచ్చు, గొట్టాలు జాగ్రత్తగా సర్దే నర్సు పక్కనుంటే. బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక 1978లో మొదలైన ఈ కంగారూ పద్ధతిని, బిడ్డ పరిస్థితి కుదుటపడే వరకు ఆగకుండా పుట్టిన వెంటనే మొదలుపెడితే ఎలా ఉంటుందని ఢిల్లీతో సహా అయిదు దేశాల ఆసుపత్రుల్లో పరీక్షించారు. ఫలితాలు 2021లో వచ్చాయి. మామూలు పద్ధతిలో నెలలోపు మరణాలు 15.7 శాతం, తల్లి ఒంటిమీదే ఉంచినప్పుడు 12 శాతం. ఇందుకోసం తల్లి మంచాన్నే ఐసీయూలోకి తెచ్చారు. తలుపు బయట ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టే మన అలవాటు మారాలంటే ముందు మారాల్సింది గది నక్షా.

ఆయాసం తగ్గాక ఒత్తిడి కొంచెం కొంచెం తగ్గిస్తూ ఒకరోజు ముక్కు గొట్టాలు తీసేస్తారు. కొన్ని గంటలకు మళ్లీ పెట్టాల్సి రావచ్చు. అది ఓటమి కాదు, ఇంకొంచెం పెరగాలని అర్థం. గాలిలో కలిపే ఆక్సిజన్‌ను 21 శాతం దాకా, అంటే మామూలు గాలి దాకా దించడం కూడా అంతే ముఖ్యం. 1940లు, 50లలో ఆక్సిజన్ ఎంత ఇస్తే అంత మంచిదనుకుని వేలమంది పిల్లల చూపు పోగొట్టారు. ఇప్పుడు మానిటర్ మీద రక్తంలోని ఆక్సిజన్ అంకెను 90 నుంచి 95 శాతం మధ్య ఉంచుతారు. వంద కనిపించలేదని కంగారు పడొద్దు, ఆక్సిజన్ ఇస్తుండగా వంద కనిపిస్తేనే అడగాలి. అయినా రెటీనా దెబ్బతినే ప్రమాదం పూర్తిగా పోదు. హైదరాబాద్‌లో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ డాక్టర్లు 1990ల చివర్లోనే జంట నగరాల్లో ఇలాంటి పిల్లల కళ్ల పరీక్షలు మొదలుపెట్టారు. 34 వారాల లోపు పుట్టినా, 2 కిలోల లోపు ఉన్నా, పుట్టిన 30 రోజుల్లోపు ఈ పరీక్ష జరగాలి. మరీ చిన్న పిల్లలకు రెండు మూడు వారాలకే. బిడ్డ బాగానే పాలు తాగుతోంది కదా, పురుడు నీళ్లు అయ్యాక చూద్దాంలే అని వాయిదా వేసేది ఎక్కువగా ఈ ఒక్కదాన్నే. డిశ్చార్జి కాగితం మీద ఆ తేదీ రాసి ఉందో లేదో వార్డు దాటకముందే చూసుకోవాలి, లేకపోతే అక్కడే రాయించుకోవాలి.