మీకు తెలుసా? ఒక పాటకు ల్యాప్‌టాప్‌లు ఆగిపోయాయి!

జానెట్ జాక్సన్ 1989లో పాడిన ‘రిథమ్ నేషన్’ పాట వినిపిస్తే చాలు, కొన్ని ల్యాప్‌టాప్‌లు ఉన్నట్టుండి ఆగిపోయేవి! విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో ఒక పెద్ద కంప్యూటర్ కంపెనీకి ఎదురైన ఈ వింతను మైక్రోసాఫ్ట్ ఇంజినీరు రేమండ్ చెన్ 2022 ఆగస్టులో బయటపెట్టారు.

పాట వినిపిస్తున్న ల్యాప్‌టాపే కాదు, దాని పక్కన ఊరికే ఆన్ చేసి పెట్టిన ఇంకో ల్యాప్‌టాప్ కూడా ఆగిపోయింది. అంటే లోపం పాట ఫైలులో లేదు, సాఫ్ట్‌వేర్‌లోనూ లేదు. ఎంత గొప్ప ఆధారమో చూడండి! అసలు సమస్య లోపల నిమిషానికి 5400 సార్లు తిరిగే హార్డ్ డిస్క్‌ది. ఊపుకి తగ్గట్టు తోస్తే ఉయ్యాల ఇంకా పైకి లేస్తుంది కదా, అలాగే పాటలోని కొన్ని ధ్వనులు ఆ డిస్క్ సహజ కంపనంతో సరిగ్గా కలిశాయి. డిస్క్ పళ్లేనికీ, దాన్ని చదివే హెడ్‌కీ మధ్య ఖాళీ వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా ఉండదు. అక్కడ చిన్న అదురు కూడా పెద్దదే.

ఆ ధ్వనులను వడకట్టే ఫిల్టర్‌ను కంపెనీ ఆడియోలో చేర్చింది. ఈ లోపం సీవీఈ-2022-38392 నంబరుతో భద్రతా లోపాల జాబితాలోకీ ఎక్కింది.

హార్డ్ డిస్క్‌కు బదులు వాడే ఎస్ఎస్‌డీలో తిరిగే భాగాలుండవు కాబట్టి దానికి ఈ బెడద లేదు. మీ ఇంట్లో ఇంకా హార్డ్ డిస్క్ కంప్యూటరే ఉండి, బల్ల కదిలినా, స్పీకర్ గట్టిగా మోగినా ఆగిపోతోందా? రిపేరు సంగతి తర్వాత, ముందు ఫొటోలు, ఫైళ్లు వేరేచోట కాపీ చేసుకోండి.