బొంతల సామగ్రి టోకు ధరకు కొనుట ఎట్లు?

చలికాలపు రాత్రి కురుపాం కొండ గ్రామములలో గడపినవారికి బొంత విలువ వేరుగ చెప్పనక్కరలేదు. పాత చీరలను, పంచెలను పొరలుగా పరచి, దగ్గర దగ్గరగా సూదికుట్టు వేసి బొంతలు కుట్టుట మన పల్లెలలో తరతరములుగా వచ్చుచున్న పని. దీనిని వృత్తిగా గాక, తీరిక వేళలలో ఇంటి అవసరమునకును, మనస్సునకు ఉల్లాసమునకును చేయువారు పెక్కుమంది. పాత గుడ్డ ఇంటనే దొరకును. కాని అడుగువైపు వేయు కొత్త గుడ్డ, గట్టి నూలుదారము, సూదులు కొనక తప్పదు. చిక్కు ఇచ్చటనే యున్నది.

సంతలో చిల్లరగా కొనునపుడు టోకు వర్తకుని లాభము, చిల్లర వర్తకుని లాభము, కొండ వరకు సరుకు తెచ్చిన ఖర్చు అన్నియు కొనువారిపైననే పడును. "టోకు ధర అంగళ్లవారికే గాని మనకు కాదు" అను అభిప్రాయము పలువురిలో గలదు. ఇది పూర్తిగ నిజము కాదు. కొందరు టోకు వర్తకులు జి.ఎస్.టి. సంఖ్య గలవారికే అమ్మెదరు. తక్కినవారు పెక్కుమంది చూచునది కొనువారి వృత్తిని గాదు, కొను పరిమాణమును. ఆ పరిమాణము ఒక ఇంటికి అందదు; పదునెనిమిది ఇండ్లు కలిసిన అందును.

ఒక లెక్క చూడుడు. ఆరున్నర అడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు గల బొంతకు 44 అంగుళముల పన్నా గుడ్డ ఒక ముక్క చాలదు. 2.2 మీటర్ల ముక్కలు రెండు, అనగా 4.4 మీటర్లు కొనవలెను. రెండవ ముక్కలో చాలభాగము మిగిలిపోవును. ఇద్దరు కలిసిన మూడు ముక్కలే చాలును. మూడవదానిని నిలువుగా రెండుగా చీల్చి చెరి సగము అతుకుకొనవచ్చును. ఈ విధముగ 20 మీటర్ల తానులు మూడు తెచ్చిన 27 ముక్కలు వచ్చి, 18 బొంతలకు సరిపోవును. ఎవరికి వారు కొన్నచో 79.2 మీటర్లు కావలసియుండును. ధర తగ్గకముందే 19 మీటర్ల గుడ్డ ఆదాయైనది.

అయినను దూరపు బజారు ఎల్లప్పుడు చౌక కాదు. మీటరుకు 25 రూపాయలు తగ్గినదనుకొందము. 60 మీటర్లపై 1,500 రూపాయలు మిగులును. ఇద్దరి ప్రయాణమునకు, మూటల రవాణాకు 900 అయినను 600 నిలుచును. ఒక్క తానుకే పోయినచో మిగులు 500, ఖర్చు 900, నష్టమే. ఇవి లెక్క తీరు తెలుపుటకు ఊహించిన అంకెలు మాత్రమే. కావున మొదట పార్వతీపురము, విజయనగరముల ధరలు విచారించి, పిమ్మట రాజమహేంద్రవరము తాడితోటలోని టోకు వస్త్రముల సముదాయము, విజయవాడ వస్త్రలత వంటి చోట్ల ఫోను ద్వారా అడిగి పోల్చుకొనవలెను.

కొనునపుడు నాలుగు సంగతులు మరువరాదు. ధర గజమునకా, మీటరునకా అని అడుగుడు; 60 గజములనిన 55 మీటర్లకు కొంచెము తక్కువయే. తాను పొడవు అన్నిచోట్ల ఒక్కటి కాదు, కొలిపించుడు. చెప్పిన ధరలో జి.ఎస్.టి. చేరినదో లేదో తెలిసికొని బిల్లు తీసికొనుడు. తడిగుడ్డతో రుద్ది రంగు దిగునేమో చూడుడు. తాను తెగిన పిమ్మట తిరిగి తీసికొనువారు అరుదు.

ఇందు పంచాయతీ సభ్యులు చేయదగినదేమి? పంచాయతీ నిధులతో వ్యాపారము చేయుట గాదు. పొదుపు సంఘముల సమావేశమున ఈ లెక్క వివరించి, ఎవరికేమి కావలెనో జాబితా వ్రాయించుట. ప్రతివారి పైకము ముందుగనే జమ చేయించుట. ఒక్కరిని గాక ఇద్దరు స్త్రీలను బజారునకు పంపుట. తిరిగి వచ్చిన పిమ్మట బిల్లు, ఖర్చు అందరి యెదుట చదివించుట. అప్పు పెట్టరాదు. అప్పుతో తెచ్చిన సరుకు మిగిలిన, స్నేహము కూడ చెడును.

సంతలో కొలబద్దలు ముద్ర వేసినవియేనా అని చూచుటయు మీరు చేయదగిన పనియే. షెడ్యూల్డు ప్రాంతములలో గ్రామపు సంతల నిర్వహణాధికారమును 1996 నాటి పీసా చట్టము పంచాయతీలకు, గ్రామసభలకు ఉద్దేశించినది.

బొంత చిన్న వస్తువే. కాని పదునెనిమిది మంది కలిసి జాబితా వ్రాసి, లెక్క చూచుకొని, నష్టము లేకుండ సరుకు తెచ్చుకొన్నచో, ఆ అలవాటు రేపు విత్తనములకును, ఎరువులకును అక్కరకు వచ్చును.